12వ పాఠం: సూరత్ నుంచి కచ్ రణ్ దాకా

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు

• గుజరాత్ సముద్రతీరం, గడ్డిభూములు, అడవి, ఉప్పునేలల గురించి మీ సొంత మాటల్లో చెప్పగలుగుతారు.
• ఒక నేలకూ, దానిమీద బతికే మనుషులకూ, జంతువులకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ఆటుపోట్లు, చవుడు, బీడు, బంజరు వంటి మాటల అర్థభేదాలు గుర్తించి వాడగలుగుతారు.
• మీరు చేసిన ఒక ప్రయాణాన్ని వరసక్రమంలో రాయగలుగుతారు.

12.1 ఉపోద్ఘాతం



తాము చేసిన ప్రయాణాన్ని ఇతరులకు తెలిసేలా రాస్తే దాన్ని యాత్రా రచన అంటారు. తెలుగులో ఈ ప్రక్రియకు ఆద్యుడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లి వచ్చి, దారిలో చూసినదంతా ఏ రోజుకారోజు రాసుకున్నారు. అది 1838లో 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో అచ్చయింది. ఆ పుస్తకంలో గుళ్లూ గోపురాలూ మాత్రమే కాదు, దారిలో మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఏ ఊళ్లో ఏ పంట పండుతుందో, జనం ఎలా బతుకుతున్నారో కూడా ఉంది. మంచి యాత్రా రచన చేయవలసిన పని అదే.

ఈ పాఠంలో మనం సూరత్ నుంచి పడమరకు ప్రయాణం చేద్దాం. సూరత్ తపతి నది ఒడ్డున ఉన్న వస్త్ర నగరం. తెలంగాణ జిల్లాల నుంచి, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాల నుంచి, కొన్ని తరాలుగా వేలాదిమంది ఇక్కడికి వచ్చి సాంచాల (మరమగ్గాల) మీద పని చేస్తున్నారు. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు మాట వీధి వీధినా వినిపిస్తుంది. నగరపాలక సంస్థ పాఠశాలల్లో తెలుగు మాధ్యమానికి కూడా చోటు దక్కింది. అయితే ఇక్కడి మనవాళ్లలో చాలామందికి తెలిసిన దారి ఒకటే. అది ఊరికి పోయే రైలు దారి. తాము బతుకుతున్న రాష్ట్రం పడమటి వైపు ఎలా ఉంటుందో చూసినవారు తక్కువ.

ఆ వైపు ఏముందని అడిగితే "ఏముంది, అంతా ఎడారి, ఉప్పు" అనే జవాబు తరచు వస్తుంది. ఈ మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవడమే ఈ పాఠం పని.

చదివేటప్పుడు భారతదేశ పటం దగ్గర పెట్టుకోండి. ప్రతి ఊరి పేరు రాగానే పటంలో వేలు పెట్టి చూడండి.

12.2 సింధుశాఖ దాటడం

సముద్రం నేలలోకి చొచ్చుకుని వచ్చిన భాగాన్ని సింధుశాఖ అంటారు. గుజరాత్ పటంలో ఇలాంటివి రెండు కనిపిస్తాయి. దక్షిణాన ఉన్నది ఖంభాత్ సింధుశాఖ. ఉత్తరాన ఉన్నది కచ్ సింధుశాఖ. రెంటి మధ్య ఉన్న ద్వీపకల్పమే సౌరాష్ట్ర.

మన దేశంలో అన్నిటికన్నా పొడవైన సముద్రతీరం ఉన్న రాష్ట్రం గుజరాత్. దాని పొడవు సుమారు 1,600 కిలోమీటర్లని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఇటీవల తీరపు వంకరటింకరలన్నీ మరింత సూక్ష్మంగా కొలిస్తే అది 2,300 కిలోమీటర్లు దాటింది. తీరం పెరగలేదు, కొలత మారింది. తాడును బిగువుగా లాగి కొలిస్తే ఒక పొడవు, వంపువంపునా ఆనించి కొలిస్తే మరొక పొడవు వస్తుంది కదా!

సూరత్ పక్కనే హజీరా ఓడరేవు ఉంది. ఎదుటి ఒడ్డున భావనగర్ దగ్గర ఘోఘా ఉంది. రోడ్డు మీద పోతే సింధుశాఖను చుట్టి రావాలి కనుక దూరం సుమారు 370 కిలోమీటర్లు. సముద్రం మీద అయితే 90 కిలోమీటర్లే. బస్సులనూ, లారీలనూ, మనుషులనూ కలిపి ఎక్కించుకునే ఓడ 2020 నవంబరు 8న ఈ రెండు రేవుల మధ్య మొదలైంది. పది పన్నెండు గంటల ప్రయాణం నాలుగు గంటలకు తగ్గింది.

ఈ నీళ్లలో మనం గమనించవలసింది ఆటుపోట్లు. సముద్రం ఒడ్డుకు ఎక్కి రావడం పోటు. వెనక్కి తగ్గడం ఆటు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. అమావాస్యకూ, పున్నమికీ వీటి బలం ఎక్కువ. మన కోస్తా తీరంలో ఆటుకూ పోటుకూ మధ్య తేడా ఒకటి రెండు మీటర్లు మాత్రమే. భావనగర్ దగ్గర అది 10 మీటర్లు దాటుతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. దీనికి కారణం ఖంభాత్ సింధుశాఖ ఆకారం. దాని నోరు వెడల్పు, లోపలికి పోయే కొద్దీ ఇరుకు, లోతు కూడా తక్కువ. గరాటులో పోసిన నీరు ఎగదన్నినట్టు, లోపలికి తోసుకొచ్చిన సముద్రపు నీరు పైకి లేస్తుంది.

మనుషులు ఈ పోటును కూడా పనికి వాడుకున్నారు. భావనగర్‌కు దక్షిణాన అలంగ్ అనే చోట 1983 నుంచి పాత ఓడలను విడగొడుతున్నారు. పెద్ద పోటు వచ్చినప్పుడు ఓడను నేరుగా ఒడ్డుకు తోలతారు. నీరు తీయగానే ఓడ బురదలో నిలిచిపోతుంది. అప్పుడు కార్మికులు దాన్ని ముక్కలుముక్కలుగా కోస్తారు. ఈ ప్రమాదకరమైన పనికి ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, జార్ఖండ్ రాష్ట్రాల నుంచి వలస వచ్చినవారే ఎక్కువ.

పాఠ్యగత ప్రశ్నలు 12.1

1. తీరం పెరగకుండానే దాని పొడవు లెక్క ఎందుకు పెరిగింది?
2. ఖంభాత్ సింధుశాఖలో పోటు ఎత్తుగా రావడానికి కారణమేమిటి?

12.3 గడ్డి నేల

భావనగర్‌కు ఉత్తరాన సుమారు 45 కిలోమీటర్ల దూరంలో వెలావదర్ ఉంది. అక్కడ చెట్టు కనిపించడం అరుదు. కనుచూపు మేర గడ్డి. ఈ గడ్డి నేలను 1976లో కృష్ణజింకల జాతీయ వనంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం 34 చదరపు కిలోమీటర్లు.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. మగదానికి మెలితిరిగిన కొమ్ములుంటాయి. వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. ఇది దట్టమైన అడవిలో బతకదు. దూరం నుంచే తోడేలును చూసి పరుగెత్తడం దాని రక్షణ. అందుకు బయలు కావాలి. "ఖాళీ నేల కదా, చెట్లు నాటుదాం" అని అక్కడ అడవి పెంచితే జింకకు మేలు చేసినట్టు కాదు, దాని ఇల్లు తీసేసినట్టు. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు కూడా ఈ గడ్డిలోనే, నేలమీదనే రాత్రి తలదాచుకుంటాయి.

12.4 సింహం, పశువుల కాపరి

మనకు సింహం గుడిలో తెలుసు, కథల్లో తెలుసు. మన అడవుల్లో తెలిసింది పులి. ఆఫ్రికా బయట సింహాలు స్వేచ్ఛగా తిరిగే చోటు ప్రపంచంలో ఒక్క సౌరాష్ట్ర మాత్రమే. వాటి కేంద్రం గిర్ అడవి. ఒకప్పుడు పశ్చిమాసియా నుంచి ఉత్తర భారతం వరకు ఉన్న ఈ జాతి వేటవల్ల, సాగు విస్తరించడంవల్ల తగ్గిపోతూ వచ్చి, 20వ శతాబ్దం ఆరంభానికి గిర్‌లో కొద్దిగా మిగిలింది. జునాగఢ్ నవాబులు వేటను కట్టడి చేయడంతో ఆ కొద్దీ నిలిచింది. 1965లో గిర్ అభయారణ్యమైంది. 1975లో అందులో ఒక భాగం జాతీయ వనమైంది.

లెక్కలు చూడండి.

1968లో 177 సింహాలు.
2015లో 523.
2020లో 674.
2025లో 891.

ఈ పెరుగుదల వెనుక అటవీ సిబ్బంది శ్రమ ఉంది. అడవి అంచుల పల్లెల ఓర్పు కూడా ఉంది. గిర్‌లో పశువులను పెంచుకుంటూ బతికేవారిని మాల్‌ధారీలు అంటారు. 'మాల్' అంటే పశుసంపద. దాన్ని కలవారు మాల్‌ధారీలు. ముళ్లకంప వేసి కట్టుకున్న వాళ్ల చిన్న నివాసాలను 'నేస్' అంటారు. సింహం అప్పుడప్పుడు బర్రెనో ఆవునో కొట్టుకుపోతుంది. ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది. అయినా పాలిచ్చే పశువు పోతే ఆ ఇంటికి పోయేది పశువు వెల మాత్రమే కాదు, రోజువారీ రాబడి. ఆ దెబ్బను ఓర్చుకుని, విషం పెట్టి పగ తీర్చుకోకుండా ఉన్నారు కనుకనే సింహం మిగిలింది. అడవిని కాపాడేందుకని 1970లలో ఎన్నో మాల్‌ధారీ కుటుంబాలను గిర్ బయటికి తరలించారన్న విషయం కూడా మనం మరవకూడదు.

ఇప్పుడు సగానికి పైగా సింహాలు అభయారణ్యం హద్దుల బయటే తిరుగుతున్నాయి. చెరకు తోటల్లో, మామిడి తోటల్లో, రోడ్ల పక్కన, రైలు పట్టాల మీద కనిపిస్తున్నాయి. రాత్రిపూట గోడలేని బావుల్లో పడి కొన్ని చనిపోయాయి. అందుకే అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి వేల బావులకు చుట్టుగోడలు కట్టించాయి. ఒరలేని బావి ఎంత ప్రమాదమో మన పల్లెల్లో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. సింహాలన్నీ ఒకే ప్రాంతంలో ఉన్నాయి. 2018 సెప్టెంబరులో గిర్ తూర్పు భాగంలో మూడు వారాల్లో 23 సింహాలు చనిపోయాయి. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ వాటిలో కొన్నింటిలో బయటపడింది. మిగిలినవాటిని వేరుచేసి, టీకాలు వేసి వ్యాధిని ఆపారు. ఒకే పెట్టెలో ఇంటి సొమ్మంతా పెడితే ఏ ప్రమాదం ఉందో ఇక్కడా అదే ప్రమాదం ఉంది. కొన్ని సింహాలను మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి పంపాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. 2022లో ఆ అడవికి ఆఫ్రికా నుంచి చీతాలు వచ్చాయి. 2025 లెక్కల నాటికి సింహాలు మాత్రం వెళ్లలేదు. పోర్‌బందర్ దగ్గరున్న బర్దా కొండలకు ఒక సింహం 2023లో తనంతట తానే నడిచి చేరింది.

పాఠ్యగత ప్రశ్నలు 12.2

3. 2020 నుంచి 2025 వరకు ఎన్ని సింహాలు పెరిగాయి?
4. సింహాలన్నీ ఒకేచోట ఉండడం ఎందుకు ప్రమాదం?

12.5 వేరావల్: కనిపించని గీత

గిర్ నుంచి దక్షిణానికి దిగితే సముద్రం. సోమనాథ్ ఆలయానికి పక్కనే వేరావల్ రేవు ఉంది. వేలాది చేపల పడవలతో అది కిటకిటలాడుతుంది.

ఈ తీరంలో తిమింగల సొర అనే భారీ చేప కనిపిస్తుంది. పేరులో తిమింగలం ఉన్నా ఇది చేపే. ప్రపంచంలోని చేపలన్నిటిలో పెద్దది. నీటిలోని సూక్ష్మజీవులనూ, చిన్న చేపలనూ తిని బతుకుతుంది, మనిషి జోలికి రాదు. 1990లలో కాలేయపు నూనె కోసం, మాంసం కోసం దీన్ని వందలకొద్దీ చంపేవారు. 2001లో దీనికి చట్టరక్షణ వచ్చింది. చట్టంతో పాటు ప్రచారం కూడా జరిగింది. పుట్టింటికి వచ్చే ఆడబిడ్డలా ఇది మన తీరానికి వస్తోందని రామకథా ప్రవచనకారుడు మొరారీ బాపు జాలరులకు చెప్పారు. దానికి 'వ్హాలీ' అనే పేరు వచ్చింది. గుజరాతీలో ఆ మాటకు ప్రియమైనది అని అర్థం. అప్పటి నుంచి ఇది వలలో పడితే జాలరులు వల కోసి వదులుతున్నారు. తెగిన వలకు అటవీశాఖ పరిహారం ఇస్తుంది. ఇలా వందల చేపలు తిరిగి సముద్రం చేరాయి.

వేరావల్ పడవల్లో తెలుగు వినిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఏటా వర్షాకాలం ముగిసే సమయానికి ఇక్కడికి వచ్చి నెలల తరబడి పడవల మీద కూలికి పని చేస్తారు. సొంత ఊళ్లో సముద్రం ఉంది. కాని పెద్ద పడవలు నిలిపే రేవులు చాలినన్ని లేవు. అందుకే ఒక సముద్రం వదిలి మరొక సముద్రానికి వలస. పడవను నడిపించే పెద్దను ఉత్తరాంధ్రలో తండేలు అంటారు. గుజరాత్ తీరంలో కూడా తండేల్ అనే అంటారు. ఊరు మారినా ఆ మాట మారలేదు.

నేలమీద సరిహద్దుకు కంచె ఉంటుంది. సముద్రంలో ఏ గీతా కనిపించదు. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైలులో ఉండి, వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగివచ్చారు. చేపల వెంట పోయే పడవకు పటం మీద గీత తెలియదు. ఆ గీత ఖరీదు మాత్రం ఇంటి దగ్గర ఎదురుచూసే కుటుంబం కట్టవలసి వస్తుంది.

అక్కడి నుంచి తీరం వెంబడి పోర్‌బందర్, ద్వారక దాటి కచ్ సింధుశాఖలోకి వస్తాం. జామ్‌నగర్ తీరంలో 1982లో ఏర్పడిన సముద్ర జాతీయ వనం మన దేశంలో మొదటిది. అక్కడి నరారా అనే చోట ఆటు సమయంలో నీరు తీసినప్పుడు పగడపు దిబ్బల మధ్య కాలినడకన తిరగవచ్చు. రాతి గుంటల్లో పీతలు, నక్షత్ర చేపలు, అదృష్టం బాగుంటే ఆక్టోపస్ కనిపిస్తాయి. పోటు వచ్చే వేళకు వెనక్కి రావాలి.

12.6 సర్వే నంబరు సున్నా

ఇప్పుడు తీరం వదిలి లోపలికి వస్తాం. కచ్ సింధుశాఖకు తూర్పున చిన్న రణ్ ఉంది. రణ్ అంటే ఉప్పుతేలిన మైదానం. మన తీరప్రాంతంలో ఇలాంటి చవిటి నేలను పర్ర అంటారు. వర్షాకాలంలో ఈ మైదానం మోకాలి లోతు నీటితో సముద్రంలా మారుతుంది. రొయ్యపిల్లలు అందులో పెరుగుతాయి. వాన వెనుకపట్టాక నీరు ఇంకి, ఆవిరై, నెర్రెలు విచ్చిన నేల బయటపడుతుంది. ఎండాకాలంలో అక్కడ గడ్డిపోచ ఉండదు.

అయినా ఇక్కడ ఒక పెద్ద జంతువు బతుకుతుంది. అది అడవిగాడిద. గుజరాతీలో ఘుడ్‌ఖర్ అంటారు. గోధుమ, తెలుపు రంగుల్లో గుర్రంలా చక్కగా ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్లకు మించి పరుగెడుతుంది. మచ్చిక కాదు. మైదానం మధ్య కొంచెం ఎత్తుగా ఉన్న దిబ్బలను 'బేట్' అంటారు. వాటిమీద పెరిగే గడ్డి దీని మేత. 1960లలో వ్యాధులవల్ల వీటి సంఖ్య కొన్ని వందలకు పడిపోయింది. 1970ల ఆరంభంలో చిన్న రణ్‌ను అభయారణ్యం చేశారు. దాని విస్తీర్ణం సుమారు 4,954 చదరపు కిలోమీటర్లు. 2024 లెక్కల్లో అడవిగాడిదలు 7,672 ఉన్నట్టు తేలింది.

ఇక్కడ బతికే మనుషులు అగరియాలు. ఉప్పు పండించడం వారి తరతరాల వృత్తి. వానలు తగ్గగానే పిల్లాపాపలతో, వంటసామానుతో రణ్‌లోకి వస్తారు. బావి తవ్వి భూమిలోని ఉప్పునీటిని పైకి తోడతారు. అది సముద్రపు నీటికన్నా చాలా రెట్లు ఉప్పన. దాన్ని మడుల్లోకి పారించి, కాళ్లతో తొక్కి నేల గట్టిపరుస్తారు. పెద్ద దంతెలతో నీటిని కదిలిస్తూ ఉంటే నెలల తరవాత పెద్ద పలుకుల ఉప్పు తేలుతుంది. సూర్యోదయం కాకముందే పని మొదలవుతుంది. తాగేనీరు ట్యాంకర్ తేవాలి. చదువుకునే పిల్లల బడి ఆరేడు నెలలు తెగిపోతుంది. ఒకప్పుడు పంపుల డీజిలుకే ఆదాయంలో పెద్ద భాగం పోయేది. ఇటీవలి సంవత్సరాల్లో సౌరశక్తి పంపులు వచ్చి ఆ భారం కొంత తగ్గించాయి.

దేశంలో తయారయ్యే ఉప్పులో నాలుగింట మూడు వంతులు గుజరాత్‌దే. నౌపడ, చినగంజాం ఉప్పు తిన్నవాళ్లం కూడా ఏదో ఒక రోజు గుజరాత్ ఉప్పు తినే ఉంటాం. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ ఉప్పు చట్టాన్ని ధిక్కరించిన దండి గ్రామం సూరత్‌కు దక్షిణాన నవ్‌సారి జిల్లాలోనే ఉంది.

ఇంతమంది బతుకుతున్న ఈ నేల ప్రభుత్వ లెక్కల్లో ఎలా ఉంది? చాలాకాలం ఇక్కడ భూమి సర్వే జరగలేదు. అందుకే దీన్ని 'సర్వే నంబరు సున్నా' అనేవారు. మీకు పల్లెలో అర ఎకరం ఉన్నా దానికి ఒక సర్వే నంబరు ఉంటుంది. పట్టా కావాలన్నా, అప్పు కావాలన్నా, నష్టపరిహారం కావాలన్నా ఆ నంబరే ఆధారం. సున్నా నంబరు నేలమీద ఉప్పు పండించేవారి చేతిలో ఏ కాగితం ఉంటుంది? నేల అభయారణ్యమయ్యాక, అక్కడ ఎవరికి ఏ హక్కు ఉందో తేల్చే పని మొదలైనప్పుడు, తరాలుగా పని చేస్తున్నవారు కూడా తాము ఉన్నామని రుజువు చేసుకోవలసి వచ్చింది. "ఖాళీ నేల" అనే ఒక్క మాట మనుషులనే లెక్కలోంచి తీసేయగలదని దీనివల్ల తెలుస్తుంది.

పాఠ్యగత ప్రశ్నలు 12.3

5. 'బేట్' అంటే ఏమిటి? అది అడవిగాడిదకు ఎలా ఉపయోగం?
6. సర్వే నంబరు లేకపోవడంవల్ల అగరియాలకు వచ్చిన ఇబ్బంది ఏమిటి?

12.7 కచ్: పిచ్చి తుమ్మ, బట్టమేక పక్షి

చిన్న రణ్ దాటితే కచ్ జిల్లా. వైశాల్యంలో ఇది దేశంలోకెల్లా పెద్ద జిల్లా. 45 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అంటే తెలంగాణ రాష్ట్రమంతటిలో సుమారు ఐదింట రెండు వంతులు. ఉత్తరాన పెద్ద రణ్ తెల్లనేలగా పరుచుకుని ఉంటుంది. రాజహంసలుగా మనం పిలుచుకునే ఫ్లెమింగోలు మన దేశంలో పెద్దయెత్తున గూళ్లు కట్టుకునే చోటు ఇదే. పులికాట్ సరస్సులో, సూళ్లూరుపేట దగ్గర మనం చూసేది ఈ జాతి పక్షులనే. గుజరాత్‌కు ఇది రాష్ట్ర పక్షి.

రణ్ మధ్య ఖదిర్ అనే దిబ్బమీద ధోలావీరా ఉంది. నాలుగు వేల ఏళ్లకు పూర్వపు హరప్పా నాగరికత నగరం అది. అక్కడివారు వాననీటిని వృథా పోనీయకుండా రాతిని తొలిచి పెద్ద పెద్ద జలాశయాలు కట్టుకున్నారు. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఈ నేలకు భూకంపాలు కొత్త కాదు. 2001 జనవరి 26న వచ్చిన భూకంపంలో వేలాదిమంది చనిపోయారు. 'భుంగా' అనే గుండ్రటి మట్టి ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. గుండ్రటి గోడకు మూలలు ఉండవు కనుక కుదుపు ఒకేచోట పడదు.

రణ్ అంచున బన్నీ అనే గడ్డిమైదానం ఉంది. అక్కడి మాల్‌ధారీలు పెంచే బన్నీ గేదెలు ఎండ తప్పించుకోవడానికి రాత్రిపూట మేతకు పోయి, తెల్లవారేసరికి ఇంటికి వస్తాయి. తీరం వైపు పెంచే ఖారాయి ఒంటెలు సముద్రంలో ఈదుకుంటూ పోయి మడ అడవుల్లో మేస్తాయి.

1960లలో రణ్ ఉప్పు ముందుకు రాకుండా ఆపాలని బన్నీలో ఒక విదేశీ చెట్టు నాటారు. దాని కాయలు తిన్న పశువుల పేడతో విత్తనాలు ఎక్కడెక్కడికో చేరాయి. గడ్డిని మింగి అది వేల ఎకరాలు కమ్మేసింది. గుజరాతీలో దాన్ని 'గాండో బావళ్' అంటారు. అంటే పిచ్చి తుమ్మ. మీరు దాన్ని బాగా ఎరుగుదురు. మన పల్లెల చెరువుగట్ల మీద పెరిగే సర్కారు తుమ్మ అదే. దానివల్ల బొగ్గు కాల్చేవారికి పని దొరికిన మాట నిజం. గడ్డిమీద బతికే బర్రెకూ, ఆ బర్రెమీద బతికే కుటుంబానికీ మాత్రం నష్టం.

గడ్డి పోతే పోయేది పశువుల మేత ఒక్కటే కాదు. బట్టమేక పక్షి మీటరు ఎత్తున, బరువుగా ఉండే పక్షి. నేలమీద ఒక్క గుడ్డు పెడుతుంది. దానికీ బయలే కావాలి. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడులో దీని కోసమే 1988లో అభయారణ్యం ఏర్పాటైంది. ఇప్పుడు అక్కడ ఆ పక్షి కనిపించడం లేదు. కచ్‌లో నలియా దగ్గరి గడ్డినేలల్లో 2020ల ఆరంభానికి వేళ్లమీద లెక్కించదగిన ఆడ పక్షులే మిగిలాయి. సాగు, పిచ్చి తుమ్మతో పాటు కరెంటు తీగలు కూడా కారణం. ఎదుట ఉన్న తీగను ఈ పక్షి దూరం నుంచి గుర్తించలేదు. బరువువల్ల చటుక్కున పక్కకు తప్పుకోలేదు. గాలిమరలకూ, సౌరవిద్యుత్తుకూ "ఖాళీ నేల" వెతికినప్పుడు చూపు పడేది ఈ గడ్డిభూముల మీదే. విద్యుత్తు మనకు అవసరమే. సౌరపంపు అగరియాకు మేలు చేసిందని పైన చదివాం. కాని తీగ ఎక్కడ వేయాలో నిర్ణయించే ముందు ఆ నేలమీద ఎవరున్నారో చూడాలి.

భుజ్ నుంచి ముంబయి వెళ్లే రైలు సూరత్ మీదుగా పోతుంది. మన ప్రయాణం ఇక్కడితో పూర్తయింది.

12.8 వెళ్లదలచినవారికి సూచనలు

• నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. గిర్ అడవిని జూన్ 16 నుంచి అక్టోబరు 15 వరకు మూసివేస్తారు.
• పెద్ద రణ్ సరిహద్దు ప్రాంతం కనుక అనుమతి తీసుకోవాలి. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.
• తీరంలో నడిచే ముందు ఆ రోజు ఆటుపోట్ల వేళలు అడిగి తెలుసుకోండి. పగడాలు తెంపకండి, తొక్కకండి.
• చిన్న రణ్‌లో తెలిసినవారు లేకుండా బండి దింపకండి. పైన ఎండినట్టున్నా లోపల బురద ఉంటుంది.

12.9 మీరేం నేర్చుకున్నారు?

గుజరాత్ పడమటి భాగంలో సముద్రం, గడ్డి, అడవి, ఉప్పునేల అన్నీ ఉన్నాయి. ప్రతి ఒక్కటీ ఒక జీవావరణం. వెలావదర్ బయలు కృష్ణజింకకు ఇల్లు. చిన్న రణ్ అడవిగాడిదకు తిరుగాడే చోటు, అగరియాకు పొలం. బన్నీ గడ్డి మాల్‌ధారీకి జీవనాధారం. బయటినుంచి చూసేవారికి బీడుగా తోచే నేల ఆ జీవులకు నిండు నేల. కనుక ఏ నేలనైనా ఖాళీ అనే ముందు అక్కడ ఏ కాలంలో ఎవరుంటారో విచారించాలి.

12.10 భాషాంశాలు

అ) అర్థభేదాలు

బీడు: ఒకప్పుడు సాగై, ఇప్పుడు దున్నకుండా వదిలిన నేల, సాగులేని నేల.
బంజరు: సాగుకు తేని నేలకు రెవెన్యూ లెక్కల్లో వాడే మాట.
చవుడు: ఉప్పు తేలిన నేల, ఆ మన్ను.
బయలు: చెట్టూ కొండా అడ్డులేని విశాలమైన చోటు.

ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కదానికీ 'ఎవరూ లేని చోటు' అనే అర్థం లేదని గమనించండి.

ఆ) జాతీయం

ఆటుపోట్లు: సముద్రం తగ్గడం, పెరగడం. కష్టసుఖాలు, లాభనష్టాలు అనే అర్థంలో కూడా వాడతాం.
ఉదా: సాంచాల పనిలో ఎన్నో ఆటుపోట్లు చూశాడు.

ఇ) సంధులు

సూర్య + ఉదయం = సూర్యోదయం (గుణసంధి)
జీవ + ఆవరణం = జీవావరణం (సవర్ణదీర్ఘ సంధి)
ఎక్కడ + ఎక్కడ = ఎక్కడెక్కడ (ఆమ్రేడిత సంధి)

ఈ) సమాసాలు

ఆటుపోట్లు: ఆటును, పోటును (ద్వంద్వ సమాసం)
సముద్రతీరం: సముద్రం యొక్క తీరం (షష్ఠీ తత్పురుష)
తెల్లనేల: తెల్లనైన నేల (విశేషణ పూర్వపద కర్మధారయం)

12.11 పాఠాంత ప్రశ్నలు

1. "సింహం మిగలడానికి పల్లెల ఓర్పు కూడా కారణం." ఈ మాటను సమర్థిస్తూ పది వాక్యాలు రాయండి.
2. ఉత్తరాంధ్ర మత్స్యకారుల వలసకూ, సూరత్‌కు వచ్చిన నేతకార్మికుల వలసకూ ఉన్న పోలికలు, తేడాలు రాయండి.
3. మీ ఊళ్లో బీడు లేదా బంజరు అని పిలిచే ఒక చోటు ఎన్నుకోండి. అక్కడ ఏ కాలంలో ఏ పశువులు మేస్తాయి, ఏ పక్షులు వస్తాయి, ఎవరు కట్టెలు, ఆకులు, మన్ను తెచ్చుకుంటారు? పెద్దలను అడిగి తెలుసుకుని ఒక పేజీ రాయండి.
4. మీరు ఊరికి వెళ్లివచ్చిన ప్రయాణాన్ని యాత్రా రచనగా రాయండి. దారిలో కనిపించిన మనుషుల పనిపాటల గురించి కనీసం రెండు పేరాలు ఉండాలి.

12.12 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. తీరపు వంకరలను మరింత సూక్ష్మంగా కొలవడంవల్ల.
2. సింధుశాఖ నోరు వెడల్పుగా, లోపల ఇరుకుగా, లోతు తక్కువగా ఉండడంవల్ల.
3. 891 - 674 = 217.
4. ఒక వ్యాధి వచ్చినా, ప్రమాదం వచ్చినా జాతి మొత్తానికి ముప్పు కనుక.
5. రణ్ మధ్యలో కొంచెం ఎత్తుగా ఉన్న దిబ్బ. దానిమీది గడ్డి అడవిగాడిదకు మేత.
6. తరాలుగా పని చేస్తున్నా భూమి కాగితాలు లేక తమ హక్కు రుజువు చేసుకోవలసి వచ్చింది.

మీ జవాబుల్లో రెంటికి మించి తప్పులుంటే ఆ భాగాన్ని మరొకసారి చదవండి. మూడవ పాఠాంత ప్రశ్నకు ఈ పుస్తకంలో జవాబు లేదు. అది మీ ఊళ్లో ఉంది.